కేకుల మేడమ్‌కి నా కడుపులో మాట

ఆ రోజుల్లో అమీర్‌పేటలో రోడ్డు దాటేలోపు చేతినిండా కరపత్రాలు పడేవి. జావా నేర్పుతామని ఒకరు, టెస్టింగ్ నేర్పుతామని ఒకరు, ఇవేవీ రాకపోయినా ఫరవాలేదు, ముందు ఇంగ్లీషు నేర్చుకోండని మరొకరు. మెట్రో కోసం నడిరోడ్డు తవ్వేసి చుట్టూ రేకులు పాతారేమో, ఆ రేకుల పక్కనుంచి ఒకే వరసలో నడుస్తూ, ముందువాడి వీపు చూసుకుంటూ, మేమంతా ఉద్యోగాల వైపు సాగిపోయేవాళ్లం. అక్కడ నేర్పే ఇంగ్లీషంతా తెలిసిన సంగతులు చెప్పడానికే. నా పేరు ఫలానా, మాది కాకినాడ, ఐదేళ్ల తర్వాత నన్ను నేను ఫలానా కుర్చీలో చూసుకుంటున్నాను (ఐదేళ్ల మాట అలా ఉంచండి, ఆ పూట హాస్టల్లో కూర ఏమిటో కూడా మాకు తెలిసేది కాదు). తెలిసీ తెలియని సంగతి ఎలా చెప్పాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. తెలుగులో అయితే ఆ అవసరమే రాలేదు. ‘ఎందుకో’ అంటాం, ‘ఏదో’ అంటాం, ‘ఏమో బాబూ’ అంటాం, ఎదుటివాడికి సగం అర్థమైపోతుంది. మా అమ్మ ఫోన్ చేసి, “ఎందుకోనే, పొద్దుట్నుంచీ మనసు ఒకటే పీకుతోంది, జ్వరం గానీ వచ్చిందా?” అనేది. రాకపోయినా ఆ మాట విన్నాక నుదురు తడిమి చూసుకునేదాన్ని. ఆధారం ఏదని మా ఇంట్లో ఎవరూ ఆవిడని అడిగినట్టు గుర్తులేదు. ఆ పద్ధతి పంజాగుట్టలో చెల్లదని తెలియడానికి నాకు కొంత కాలం పట్టింది.

పంజాగుట్టలో, ఒక చీరల కొట్టు పైనున్న అంతస్తులో, మా ఆఫీసు. చిన్న కంపెనీ. కొత్తగా చేరిన నాకు టెస్టింగు పని ఇచ్చారు. అంటే మావాళ్లు రాసిన ప్రోగ్రాము ఎక్కడ పాడవుతుందో వెతకడం. మా అమ్మకి అర్థమయ్యేట్టు చెప్పాలంటే, వండినవాళ్లు వేరు, ఉప్పు సరిపోయిందో లేదో చూసేదాన్ని నేను. మా టీమ్ లీడ్ సిద్దిపేట వైపు మనిషి. వయసులో మరీ పెద్దవాడు కాదు గానీ, నుదుటి మీద ఎప్పుడూ రెండు గీతలుండేవి. అందరూ ఆయన్ని ‘అన్న’ అనేవారు. నేను మాత్రం కాకినాడ అలవాటు కొద్దీ మొదట్లో ‘అన్నగారూ’ అనేదాన్ని. “చెల్లె, గారు తీసెయ్యి, పెండ్లి పత్రిక లెక్క అనిపిస్తుంది” అన్నాక మానేశాను. ఇంగ్లండులో కేకుల దుకాణాలున్న ఒక పెద్దావిడ కోసం మేం పని చేస్తున్నాం. ఆవిడ దుకాణాలకి జనం ఇంటి నుంచే కేకు ఆర్డరు పెట్టుకోవచ్చు, దాని మీద ఏమి రాయాలో అది కూడా టైపు చేసి పంపొచ్చు. ఆఫీసులో అందరం ఆవిడని ‘కేకుల మేడమ్’ అనేవాళ్లం. క్రిస్మస్ ముందు ఇది మొదలైపోవాలని ఆవిడ పట్టుదల. ఇది బాగా జరిగితే ఆవిడ మిగతా పనులు కూడా మనకే ఇస్తుందని మా పెద్ద సారు ఆశ. ఇది సాఫీగా నడిస్తే మొదలయ్యే వారంతోనే ముగిసే నా ప్రొబేషను కూడా సాఫీగా ముగుస్తుందని నా ఆశ.

సరిగ్గా అప్పుడే నాకు ఏదో అనిపించడం మొదలైంది.

ఒక సోమవారం మధ్యాహ్నం, పరీక్ష కోసం ఉత్తుత్తి ఆర్డరు ఒకటి పెట్టాను. కేకు మీద ‘హ్యాపీ రిటైర్‌మెంట్ తాతయ్యా’ అని రాయించాను (నేను ఏ కేకు పెట్టినా అదే రాసేదాన్ని, మా తాతయ్య ఏనాడూ ఉద్యోగం చెయ్యలేదు, అది వేరే సంగతి). ఆఖరి బటన్ నొక్కాను. వచ్చిన పేజీలో తాతయ్య బదులు ఇంకెవరి పేరో కనిపించినట్టు అనిపించింది. సరిగా చూసేలోపు అలవాటైన వేలు తర్వాతి బటన్ కూడా నొక్కేసింది, పేజీ వెళ్లిపోయింది. వెనక్కి వెళ్లి చూస్తే తాతయ్య ఉన్నచోటే ఉన్నాడు. మళ్లీ పెట్టాను, మళ్లీ బాగానే ఉంది. చూశానా, చూశాననుకున్నానా? కళ్లు కడుక్కుని వచ్చాను. కంప్యూటరు బాగానే ఉంది గానీ లోపల నాకే కుదురు లేదు.

“అన్నా, ఏదో తేడాగా ఉంది” అన్నాను లీడ్ దగ్గరికి వెళ్లి.

“ఏం తేడా? ఏడుంది?”

“తెలీదన్నా.”

“స్క్రీన్‌షాట్ తీసినవా?”

“లేదు.”

“మళ్ల చేస్తే వస్తుందా?”

“రావడం లేదు.”

ఆయన నుదుటి మీద మూడో గీత మొలిచింది. “గట్లయితే ఎట్ల చెల్లె? ఏం చెయ్యాల్నో చెప్తే పోరగాళ్లతోని చేపిస్త. ఏదో తేడా అంటే నేనేం రాసుకోవాలె? శుక్రవారం లాంచ్ ఉంది. నీకు గంత అనిపిస్తే, సాయంత్రం కాల్‌లో మేడమ్‌కు నువ్వే చెప్పు.” ఆయన కోపంగా అనలేదు, నిజానికి అవకాశమే ఇచ్చాడు. ఇప్పుడు ఆలోచిస్తే అది ఆయన మంచితనం. అప్పుడు మాత్రం నన్ను హుస్సేన్ సాగర్‌లోకి తోసినట్టే అనిపించింది.

రోజూ సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో, అంటే మేడమ్‌కి మధ్యాహ్న భోజనం వేళకి, మేమంతా ఒక బల్ల చుట్టూ చేరి, మధ్యలో స్పీకర్ ఫోన్ పెట్టుకుని మాట్లాడేవాళ్లం. లైను ఎప్పుడూ బావిలోంచి వచ్చినట్టుండేది. నా వంతు రాగానే గొంతు సవరించుకుని, “మేడమ్, ఐ హ్యావ్ ఎ డౌట్” అన్నాను. ‘డౌట్’ అన్నది మనకి తెలుగుమాటే కదా, ధైర్యంగానే అన్నాను. “యెస్ డియర్, గో ఎహెడ్” అందావిడ ప్రేమగా. నేను ఆగాను. ఆవిడా ఆగింది. అందరూ ఆగారు. నేను ప్రశ్న అడుగుతానని ఆవిడ ఎదురుచూస్తోందని కాసేపటికి గాని నాకు తట్టలేదు. “నో క్వశ్చన్ మేడమ్” అన్నాను. “ఓన్లీ డౌట్.” లీడ్ అన్న మెల్లిగా మ్యూట్ బటన్ నొక్కి, “కూసో చెల్లె” అన్నాడు.

ఆ సాయంత్రమే అమీర్‌పేటలో మా గ్రామర్ సార్ దగ్గరికి పరిగెత్తాను. ఆయనది ఏలూరు. గుండీలన్నీ మెడ దాకా పెట్టుకుని, ప్రతి మాటనీ తూకం వేసి అమ్మేవారిలా పలికేవారు. “తెలిసీ తెలియని సంగతి ఇంగ్లీషులో ఎలా చెప్పాలి సార్?” అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇన్నేళ్లలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదట. “చూడమ్మా, అంతా పప్పుచారులో ఉంది” అంటూ మొదలెట్టారు. “రుచి చూడకుండా ఉప్పు తగ్గిందేమో అన్నావనుకో, అది ఐ గెస్. ఒక చుక్క నాలిక్కి రాసుకుని అన్నావనుకో, ఐ థింక్. ఉప్పు వేసినవాళ్ల మీద కూడా నీకు అనుమానం ఉందనుకో, ఐ సస్పెక్ట్.”

“నాకు రుచీ తెలీదు, వేసినవాళ్ల మీద అనుమానమూ లేదు సార్. ఊరికే లోపల అనిపిస్తోంది.”

“లోపల అంటే ఎక్కడ?”

నేను ఆలోచించి పొట్ట మీద చెయ్యి పెట్టాను. “అలా చెప్పు మరి! గట్ ఫీలింగ్! గట్ అంటే పేగు. తెల్లవాళ్లకి కూడా ఇలాంటివన్నీ అక్కడే పుడతాయమ్మా” అన్నారు సార్, సంతోషంగా. పేగుల దగ్గర ప్రపంచమంతా ఒకటేనని తెలిసి నాకూ సంతోషమైంది.

ఫోనులో అయితే తడబడతానని మంగళవారం మెయిల్ రాశాను. సార్ చెప్పిన మాటని ఉన్నదున్నట్టు వాడుకోవచ్చు కదా? లేదు, సొంత తెలివి కొంచెం కలిపాను. ‘డియర్ మేడమ్, మై గట్ ఈజ్ నాట్ ఫీలింగ్ గుడ్. ఇట్ ఈజ్ లైక్ దట్ సిన్స్ మండే’ అని రాసి, కింద వినయంగా నా పేరు పెట్టి పంపించాను. ఆ దరిదాపుల్లో కేకు అన్న మాట కూడా లేదన్న సంగతి అప్పుడు నాకు కనపడలేదు. మర్నాడు పొద్దున్నే జవాబు వచ్చింది. సోమవారం నుంచీ బాధపడుతూ కూడా పనికి వస్తున్నందుకు ఆవిడ చాలా నొచ్చుకుంది. అల్లం వేసిన టీ తాగమంది, కారం తగ్గించమంది, తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోమంది. ఆ జవాబు నకలు లీడ్ అన్నకి కూడా పంపింది.

ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి, “కడుపునొప్పి లేస్తే నాకు చెప్పొద్దా చెల్లె? సీదా లండన్‌కు చెప్తవా?” అన్నాడు. చేతిలో మజ్జిగ ప్యాకెట్టు. వీధి చివర కిరాణా కొట్లో తనే కొనుక్కొచ్చాడు. నేను విషయం వివరించబోయాను. “ముందుగాల ఇది తాగు, తర్వాత మాట్లాడుదాం” అన్నాడు. తాగాను. తర్వాత ఆయన ఏదో మీటింగుకి పోయాడు.

ఆ రాత్రి అన్నాలప్పుడు హాస్టల్లో మా రూమ్మేట్ అక్కకి ఇదంతా చెప్పాను. అక్కది కరీంనగర్, కాల్ సెంటర్లో పని, రోజంతా విదేశాలవాళ్లతోనే మాటలు. కంచం పక్కన పెట్టి కడుపు పట్టుకుని నవ్వింది. “పేగులు, కాలేయం అన్నీ ఎందుకే వాళ్లకు? ఒక్క మాట ఉంది, మస్తు స్టైల్‌గ ఉంటది. హంచ్. ఐ హ్యావ్ ఎ హంచ్. అంటే ఆధారం లేకున్నా నాకు లోపల గట్ల అనిపిస్తుందని. అంతే, ఫికర్ లేదు.” నాతో పదిసార్లు అనిపించింది. “హ మీద జర ఒత్తి పలుకు, లేకుంటే గాల్లో కొట్టుకపోతది” అని హెచ్చరించింది కూడా. అక్క అన్ని జాగ్రత్తలూ చెప్పింది. మా ఆఫీసు స్పీకర్ ఫోను సంగతి పాపం ఆమెకి తెలీదు.

గురువారం సాయంత్రం. మర్నాడే లాంచ్. అందరూ సరే అన్నారు, అంతా సిద్ధం అన్నారు, ఇక ఫోను పెట్టేస్తారనగా నేను లేచి నిలబడ్డాను. స్పీకర్ ఫోను ముందు లేచి నిలబడక్కర్లేదని ఎవరో అన్నారు. అయినా నిలబడే ఉన్నాను. “మేడమ్! ఐ హ్యావ్ ఎ హంచ్!”

“ఓహ్, ప్లీజ్ డియర్, హ్యావ్ యువర్ లంచ్!” అందావిడ. “మేం ఆగుతాం.”

“నో మేడమ్, నాట్ లంచ్. హంచ్!”

“యెస్ యెస్, లంచ్.” ఇంతలో ఆవిడకి ఏదో తట్టినట్టుంది. గొంతు మారిపోయింది. మీకిప్పుడు సాయంత్రం కదా అని అడిగింది. అవునన్నాను. సాయంత్రం దాకా నీకు మధ్యాహ్న భోజనం లేదా అంది. అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. సోమవారం నుంచి ఈ పిల్లకి కడుపులో బాగాలేదు, సాయంత్రమైనా అన్నం తిననివ్వలేదు, మీరక్కడ మనుషులతో ఎలా పని చేయిస్తున్నారు అని లీడ్ అన్నని నిలదీసింది. ఆయన అరగంట కిందటే నాతో పాటు మిర్చి బజ్జీలు తిన్న మనిషి. నోరు తెరిచాడు గానీ ఆ క్షణాన ఆయనకి ఏ ఇంగ్లీషూ అందలేదు. “మేడమ్, షి ఈట్స్! షి ఈట్స్ వెల్!” అని మాత్రం అనగలిగాడు. అది ఎలా వినిపించిందో గాని ఆవిడ ఇంకా మండిపడింది. మా పెద్ద సారుతో మాట్లాడతానంది. అన్నం తినని పిల్లల చేత తన కేకులు మొదలుపెట్టించడం తనకిష్టం లేదంది. రేపు లాంచ్ లేదు, సోమవారం చూద్దాం, రేపు అందరూ కూర్చుని కడుపునిండా భోంచెయ్యండి, ఇది నా ఆజ్ఞ అనుకోండి అని ఫోను పెట్టేసింది.

అందరూ నావైపే చూస్తున్నారు. ప్రొబేషను సంగతి ఇక మరిచిపోవచ్చనిపించింది. కాకినాడ బస్సులో కిటికీ పక్క సీటు కూడా కళ్లముందు కనిపించింది. ఏడుపు వచ్చేసింది. “అన్నా, నేనన్నది తిండి గురించి కాదు. కేకుల్లోనే ఏదో తేడా ఉందని నాలుగు రోజులుగా చెబుదామని చూస్తున్నాను. నాకే చెప్పడం రావడం లేదు” అన్నాను తెలుగులో, ముక్కు ఎగబీలుస్తూ. లీడ్ అన్న, “కేకుల గురించా? నాలుగు దినాల సంది గదేనా చెప్తున్నవ్?” అని, తల పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత మెల్లిగా, “సరే, రేపెట్లనూ లాంచ్ లేదు గదా. రేపు కూసుని చూద్దాం. ఏడ్వకు. మేడమ్‌కు తెలిస్తే ఏడిపిస్తున్నమని సుత అంటది” అన్నాడు.

మర్నాడు పెద్ద సారు అందరికీ బిర్యానీ తెప్పించాడు. ఫోటో తీయించి మేడమ్‌కి పంపాడు కూడా. అందులో మధ్యలో నేనే, నా ముందు అందరికంటే పెద్ద ముక్క పెట్టారు. తిన్నాక ఆఫీసు మొత్తం జోగుతుంటే లీడ్ అన్న కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. “ఆ రోజు ఏం చేసినవో గదే చెయ్యి.” చేశాను. తాతయ్య భద్రంగా ఉన్నాడు. మళ్లీ చేశాను, మళ్లీ భద్రంగానే ఉన్నాడు. “ఆ రోజు నేనేడున్న?” అన్నాడాయన. గుర్తు చేసుకున్నాను. ఆ వేళ ఆయన కూడా తన కంప్యూటరు ముందు కూర్చుని ఉత్తుత్తి ఆర్డరేదో పెట్టుకుంటున్నాడు. “మీరూ ఏదో నొక్కుతున్నారన్నా” అన్నాను. ఆయన వెంటనే తన కంప్యూటరు దగ్గరికి వెళ్లాడు. ఆయన ఏ కేకు పెట్టినా మీద ‘హ్యాపీ బర్త్‌డే చిన్ని’ అని రాస్తాడు. చిన్ని ఆయన కూతురు. ఇద్దరం ఒకేసారి నొక్కుదామన్నాడు. నొక్కాం, ఏమీ కాలేదు. ఇంకోసారి నొక్కాం, ఏమీ కాలేదు. విసుగొచ్చి ఆపుదామనుకుంటూ, ఆఖరిసారి అని, కళ్లతో సైగ చేసుకుని ఒక్కసారిగా నొక్కాం.

నా తెర మీద తాతయ్య లేడు. హ్యాపీ బర్త్‌డే చిన్ని!

లీడ్ అన్న తన తెరవైపు చూసి కుర్చీలోంచి లేచిపోయాడు. “గిదేంది! నా బిడ్డ ఇంకా ఎల్‌కేజీ సుత పోలే, అప్పుడే రిటైరైంది!” అని అరిచాడు. జోగుతున్నవాళ్లంతా లేచి పరిగెత్తుకొచ్చారు. ఇద్దరు మనుషులు రెప్పపాటు తేడా లేకుండా ఆర్డరు పెడితే, ఒకరి రాత ఇంకొకరి కేకు మీదికి పోతోంది. మా ఆఫీసులో ఎప్పుడో ఒకసారి జరిగేది, క్రిస్మస్ ముందు మేడమ్ దుకాణాల్లో గంటగంటకీ జరిగేది. పెళ్లికూతురి కేకు మీద సంతాపాలు పడి ఉండేవి. లీడ్ అన్న ఫ్రిజ్‌లోంచి ఇంకో మజ్జిగ ప్యాకెట్టు తెచ్చి నా బల్ల మీద పెట్టి, చిన్నిని కేకు మీదికి మళ్లీ తేవడానికి మనుషుల్ని పోగుచేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం కాల్‌లో ఆయనే అంతా వివరంగా చెప్పాడు. మేడమ్ అంతా విని నన్ను పిలిచింది. నువ్వు ఇన్ని రోజులూ చెప్పాలని చూసింది ఇదేనా అంది. “యెస్ మేడమ్. దిస్ ఈజ్ ది హంచ్. నాట్ లంచ్.” ఆవిడ నవ్వడం మొదలెట్టి ఆపలేకపోయింది. లైనులో ఆ నవ్వు గలగలా వచ్చింది. మేమూ నవ్వాం. లీడ్ అన్న మీద అరిచినందుకు ఆయనకి క్షమాపణ చెప్పింది. ఆ తర్వాత నాతో నెమ్మదిగా ఒక మాట అంది. ఈసారి ఇలా అనిపిస్తే ఏ పెద్ద మాటా వెతుక్కోకు డియర్, ‘సంథింగ్ ఈజ్ నాట్ రైట్’ అను, చాలు, నేను అన్నీ ఆపేస్తాను. సంథింగ్ ఈజ్ నాట్ రైట్! ఏదో తేడాగా ఉంది! ఆ మాటలన్నీ నాకు ఎలిమెంటరీ స్కూలు నుంచీ వచ్చు. అంత తేలిక మాటలు అంత పెద్దవాళ్ల ముందు పనికొస్తాయని మాత్రం తెలీలేదు.

కేకులు కొన్నాళ్లు ఆలస్యంగానైనా క్రిస్మస్‌కి ముందే మొదలయ్యాయి. నా ప్రొబేషను కాగితం మీద అభిప్రాయం రాయాల్సిన చోట లీడ్ అన్న ‘షి హ్యాజ్ ఎ గుడ్ గట్’ అని రాశాడట. పెద్ద సారు దాన్ని ఆరోగ్యం బాగుందని అర్థం చేసుకుని సంతకం పెట్టేశాడు.

ఇప్పుడు నేను శ్రీనగర్ కాలనీలో ఉంటున్నాను, వేరే పెద్ద ఆఫీసులో పని. ఇంగ్లీషు బాగానే వచ్చేసింది. మొన్నామధ్య ఒక మీటింగులో, అంతా సవ్యంగా ఉందని అందరూ తల ఊపుతుండగా, నాకు పొట్టలో ఆ పాత కదలిక మళ్లీ తెలిసింది. నేను తడుముకోలేదు. కొన్ని విషయాల్లో నాకు కొద్దిపాటి రిజర్వేషన్స్ (అంటే సందేహాలే) ఉన్నాయని, వాటిని తగిన సమయంలో పరిశీలించుకుంటే మేలని, ఎక్కడా అతుకు కనపడని ఇంగ్లీషు వాక్యం ఒకటి చెప్పాను. “నోటెడ్” అన్నారు. తర్వాతి విషయానికి వెళ్లిపోయారు. ఎవరూ నా ఆరోగ్యం అడగలేదు, ఎవరి మొహమూ మారలేదు, ఏదీ ఆగలేదు. పంజాగుట్టలో మెట్రో ఎక్కి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాక, ఆ పిల్ల గుర్తొచ్చింది. చేతిలో ఆధారం లేకుండా, నోట్లో సరైన మాట లేకుండా, స్పీకర్ ఫోను ముందు అనవసరంగా లేచి నిలబడి, ఒక ఆఫీసు మొత్తానికి బిర్యానీ తినిపించిన పిల్ల. ఆ పిల్లయితే ఈ మీటింగులో ఏ వచ్చీరాని ఇంగ్లీషో మాట్లాడి, ఎవరో ఒకరిని తప్పకుండా కంగారుపెట్టేది. నాలో నేను నవ్వుకున్నాను, కొంచెం పైకే వచ్చినట్టుంది. పక్కన నిలబడ్డ ఆవిడ నావైపు అదోలా చూసి, సంచీ దగ్గరకి లాక్కుని, ఒక అడుగు అవతలికి జరిగింది. ఆవిడకీ లోపల ఏదో అనిపించి ఉంటుంది. ఏ భాషలో అనిపించిందో అడుగుదామనుకునేలోపు అమీర్‌పేట వచ్చేసింది, దిగిపోయింది.